మ్యూనిక్ నగరమందలి నాదపు సంత

జర్మనీ దేశమునకు దక్షిణభాగమున బవేరియా యను రాష్ట్రము గలదు. దాని ముఖ్యపట్టణమగు మ్యూనిక్ నగరము ఇసార్ నదీతీరమున నున్నది. 2025వ సంవత్సరము మే మాసమున మేమచ్చట పది దినములుంటిమి. మా తమ్ముడు ఆ నగరమున ఉద్యోగియై యున్నాడు. చూడవలసిన కోటలును, చిత్రశాలలును, తోటలును అచ్చట పెక్కులు గలవు. వానిని గూర్చి యిదివరకే పలువురు వ్రాసియున్నారు. మేమిప్పుడు వ్రాయబూనినది ఆ నగరమున ఏటేట జరుగుచుండిన యొక సంతను గూర్చి. ఆ సంతలో కూరగాయలు దొరకవు, చీరలు దొరకవు. వచ్చినవారు వరుసగా కుర్చీలలో కూర్చుండి, కన్నులు మూసికొని సరకును పరీక్షింతురు. ఏలయన అచ్చటి సరకు నాదము.

మేమా సంతకు పోవుటకు కారణము చెప్పవలెను. మా వారికి సంగీతమనిన మిక్కిలి ప్రీతి. మా యింట చిరకాలమునుండి యొక ఆంప్లిఫయరును, రెండు స్పీకరు పెట్టెలును ఉండెడివి. 2021లో ఆ ఆంప్లిఫయరు గురగురమని మూలిగి మూగవోయెను. నాటినుండి మా వారు క్రొత్తది కొనవలెనని తలంచుచునే యున్నారు. ఇంటర్నెట్టునుండి పాటను తెచ్చి వినిపించు స్ట్రీమరు అను పెట్టెను గూడ దానితో చేర్చి కొనవలెనని వారి కోరిక. కాని కొనబోవు వేళకెల్ల ఎవరో యొక మిత్రుడు, ‘కొంచెమాగుడు. వచ్చే యేడు దీని తలదన్నునది వచ్చునట’ అనును. వారాగుదురు. ఇట్లు నాలుగేండ్లు గడచినవి. ఆ నాలుగేండ్లును మా యింట ఫోను సన్నగొంతుతో పాడిన పాటయే పాట.

మా అత్తగారికి ఎనుబదిరెండేండ్లు. వారు విజయనగరమున పెరిగినవారు. అచ్చటి సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అధ్యక్షులుగా నుండిన కాలమున వారిది పసితనము. నాయుడుగారి ఫిడేలు రికార్డులు పుట్టినింట మ్రోగుచుండగా వారు పెరిగిరి. మేము విమానమెక్కు దినమున వారు గుమ్మమువరకు వచ్చి, ‘ఆ పెట్టె నేనుండగా వచ్చునా అమ్మాయీ?’ అని నవ్వుచు నడిగిరి. వారు నవ్వుచునే యడిగిరి గాని మాకు నవ్వు రాలేదు.

మ్యూనిక్ నగరమునకు నడిబొడ్డు మారియన్‌ప్లాట్జ్ అను చావడి. దానికొక వైపున నూతన పురమందిరము ఆకాశమునంటుచున్నట్లు నిలిచియున్నది. దాని గోపురమున గంటల యంత్రమొకటి గలదు. 43 గంటలు, 32 బొమ్మలు. 1908వ సంవత్సరమునుండి యది ఊరివారిని రంజింపజేయుచున్నది. ఉదయము పదునొకండు గంటలకు గంటలు మ్రోగుచుండగా బొమ్మలు తిరుగుట, ఆడుట, పోట్లాడుట చేయును. చంటిబిడ్డల తల్లులు, చేతికఱ్ఱల ముసలివారు, పరదేశులు తల లెత్తి చూచుచు నిలువబడిరి. ఆ గంటలలో కొన్ని శ్రుతి కొంచెము తప్పినట్లు మాకు దోచెను. అయినను ఒక్కరును కదలిపోలేదు. దాపుననే విక్టువాలియన్‌మార్క్ట్ అను అంగడి గలదు. మే మాసము గనుక అచ్చట తెల్లని ఆస్పరాగస్ కాడలు కట్టలు కట్టలుగా పేర్చియుండెను. వానిని కొనుచున్న గృహిణులు, ‘వచ్చే యేడు దీనికంటె లేతది వచ్చును’ అని యాగుట మాకు కానరాలేదు.

మే 17వ తేదీ శనివారమునాడు మారియన్‌ప్లాట్జు క్రింది సొరంగమున యూ-6 అను రైలెక్కితిమి. అది కొంతదూరము భూగర్భమున పోయి, నగరపు ఉత్తరభాగమున వెలుతురులోనికి వచ్చును. ఫ్రైమాన్ స్టేషను దాటిన పిదప కీఫర్న్‌గార్టెన్ అను చోట దిగితిమి. అచ్చటికి కొలదిదూరముననే ఎమ్ఓసీ యను ప్రదర్శనశాలలు గలవు. దిగినవారిలో సగముమంది ఆ దారినే పట్టిరి. అందు నెరసిన గడ్డముల పెద్దలును, వీపున సంచులు వేసికొన్న పడుచువారును గలరు. స్త్రీలు మిక్కిలి యరుదు.

ఈ సంతకు ‘హై ఎండ్’ అని పేరు. ఇది 1982లో డ్యూసెల్‌డార్ఫ్ నగరమున ఆరంభమై, తరువాత ఫ్రాంక్‌ఫర్టునకు పోయి, 2004లో మ్యూనిక్ చేరెను. 1982వ సంవత్సరము తలపదగినది. జర్మనీలోని హానోవరు చేరువనున్న కర్మాగారమున మొదటి సీడీ పళ్లెములు అచ్చయినదియు ఆ యేడే. మేము పోయిన సంతయే మ్యూనిక్ నగరమున కడపటిది. 2026 జూన్ 4వ తేదీనుండి వియన్నా నగరమున జరుపవలెనని యేర్పాటుచేసి, ఇరువదియొక్క యేండ్ల పిదప ఈ స్థలమునకు వీడ్కోలు చెప్పిరి. అందువలన పాతకాపులు గోడలను తడవి చూచుకొనుచు తిరుగుచుండిరి.

మా సోదరీమణులలో కొందరికి ఈ పెట్టెల పని తెలియకపోవచ్చును. వంటింటి పోలికతో చెప్పెదము. సీడీ పళ్లెముమీద పాట యుండదు, అంకెలుండును. ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఆ కొలతలను వ్రాసి యుంచుదురు. స్ట్రీమరు ఆ అంకెలను పళ్లెమునుండి గాక ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనును. అనగా నిది అంగటినుండి సరకు తెచ్చునట్టిది. ఆ అంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చు చిప్పొకటి గలదు. అది వండునట్టిది. ఆ తరంగము మిక్కిలి బలహీనమైనది. దాని రూపు చెడకుండ స్పీకరును కదల్చునంత బలమొసంగునది ఆంప్లిఫయరు. అది వండినదానిని పంక్తిలోని వారందరకు వడ్డించునట్టిది. తెచ్చిన సరకు కుళ్లినదైనచో వండువారును వడ్డించువారును ఏమి చేయగలరు? ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు పని గలదు.

లోపల క్రింది అంతస్తున విశాలమైన శాలలు; పైన అద్దపు కప్పు క్రింద వరుసగా గదులు. ప్రతి గదికి నొక తలుపు. తలుపు మూసిన పిదప లోపల పాట. కొన్ని స్పీకర్లు మనుష్యునికంటె పొడవు. కొన్ని ఆంప్లిఫయర్లను నలుగురు పట్టుకొనిన గాని కదల్పలేరు. స్కాట్లండు, ఇంగ్లండు, జర్మనీ, స్విట్జర్లండు, జపాను, కొరియా మొదలగు దేశముల పేళ్లు ద్వారములపై చదివితిమి. ఒక గదిలోని పెట్టె వెల మా తమ్ముడు రూపాయలలోనికి మార్చి చెప్పగా, మా యూరిలో నొక యిల్లు వచ్చునని మేము లెక్కగట్టితిమి. మా వారు ఆ లెక్కను విననట్లు ముందుకు నడచిరి.

గదులలో వినిపించినదానికంటె నడవలలో బల్లలమీద కూర్చుండి జనులు చెప్పుకొనుచుండిన మాటలే మాకెక్కువ వినోదము గొలిపినవి. అచ్చటి ముఖ్యవిషయము నేటి యంత్రము గాదు, రేపటిది. ఏ సంస్థ వచ్చే యేడు ఏ స్ట్రీమరు తెచ్చును, ఏ ఆంప్లిఫయరును మాన్పించును అను ఊహలే యెల్లెడలను. మన యిండ్లలో పెండ్లిచూపులకు ముందు వరుని గూర్చి చెప్పుకొను మాటలవలె నవి యుండెను. కొన్నిటికి ఆధారము గలదు, కొన్నిటికి లేదు. మా వారును మా తమ్ముడును విడమరచి చెప్పగా మాకు తెలిసినంతవరకు వ్రాసెదము.

మొదటి యూహ ఆంప్లిఫయర్ల వేడిని గూర్చినది. ‘ఏ’ తరగతి అను పాతపద్ధతి ఆంప్లిఫయరు, పాట యున్నను లేకున్నను విద్యుత్తును త్రాగుచునే యుండును. అందులో అధికభాగము వేడియై పోవును. శీతదేశమున చలికాలమునందు దానియొద్ద చేతులు కాచుకొనవచ్చును. మన దేశమున వైశాఖమాసమందు దానిని గదిలో పెట్టుకొనుట రెండవ పొయ్యి పెట్టుకొనుటయే. ‘డి’ తరగతి అను పద్ధతి, స్విచ్చును సెకనుకు లక్షలకొలది మారులు వేసి తీయుచు పనిచేయును. అది తీసికొనిన విద్యుత్తులో నూటికి తొంబది పాళ్లవరకు పనికి వినియోగించును. ఇదివరలో దీనిని నాదప్రియులు చిన్నచూపు చూచిరి. ఇప్పుడు సిలికానునకు మారుగా గాలియం నైట్రైడు అను పదార్థముతో చేసిన స్విచ్చులు వచ్చినవి. అవి మరింత వేగముగా తెరచుకొని మూసికొనును. యూరోపియన్ యూనియనులో పనిలేక నిలిచియున్న విద్యుత్పరికరములు త్రాగదగిన విద్యుత్తునకు పరిమితి విధించు క్రొత్త నిబంధన 2025 మే 9న అమలులోనికి వచ్చెను. అనగా సంతకు ఆరు దినములు ముందు. కావున రాబోవు పెట్టెలు చల్లగాను, తేలికగాను ఉండుననుట బలమైన యూహయే.

రెండవది, స్ట్రీమరును ఆంప్లిఫయరును ఒకే పెట్టెలో నింకను గట్టిగా చేరునని. ఇందును నిజము గలదు. తీగలు తగ్గును, దుమ్ము దులుపుట సులభము. అయితే ఇందొక చిక్కు గలదని మాకు దోచినది. ఆంప్లిఫయరు విద్య నిదానముగా మారునది. బాగుగా చేసిన ఆంప్లిఫయరు ముప్పదియేండ్లు పాడగలదు. స్ట్రీమరు విద్య యేటికొకసారి మారును. స్కాట్లండులోని లిన్ సంస్థవారు 2007లో తమ మొదటి స్ట్రీమరును తెచ్చిరి. రెండేండ్లకే, 2009లో, ఇక సీడీ యంత్రములు చేయబోమని ప్రకటించిరి. ఇట్టి వేగము గలదానిని ముప్పదియేండ్లు మన్నునట్టి దానితో నొకే పెట్టెలో బంధించుట, పసిపిల్లవానికిని తాతగారికిని ఒకే చొక్కా కుట్టించుట వంటిది.

మూడవ యూహ సంస్థల చేతులు మారుటను గూర్చినది. 2023 నవంబరులో హర్మాన్ సంస్థవారు రూన్ అను పాటల నిర్వహణ సంస్థను కొనిరి. 2024 నవంబరులో బోస్ వారు, నీలివన్నె ముల్లుపలకలకు పేరుగన్న మెకింటాష్ సంస్థను కొనిరి. కావున రేపటి మెకింటాష్ ఆంప్లిఫయరు ఎట్లుండునో యని యొక బల్లయొద్ద గంటసేపు వాదము జరిగినది. వారిలో నెవ్వరును బోస్ వారి గదిలో కూర్చుండి వచ్చినవారు కారు. అయినను వాదము ముగియలేదు.

నాలుగవది పాటను పంపు పద్ధతులను గూర్చినది. ఇందే యూహలు మిక్కిలి దారుణముగా తప్పినవి. ఎమ్‌క్యూఏ అను పద్ధతి 2014లో వెలువడినప్పుడు, ఇక భవిష్యత్తంతయు నిదియేనని పెక్కురు తలచిరి. దానికొరకే స్ట్రీమర్లను మార్చుకొన్నవారు గలరు. 2023 ఏప్రిలునందు ఆ సంస్థ దివాలా నిర్వాహకుల చేతికి పోయెను. 2024 జూలైలో టైడల్ వారు ఆ పద్ధతినే విడిచిరి. స్పాటిఫై వారు నష్టములేని ధ్వనిని ఆ యేటనే తెత్తుమని 2021 ఫిబ్రవరిలో ప్రకటించిరి. అది 2025 సెప్టెంబరులో గాని రాలేదు. ఆ మాటను నమ్మి ఆగినవారు నాలుగున్నర యేండ్లాగిరి. దైవయోగమును గూడ తలపవలెను. 2020 అక్టోబరులో జపానునందలి నొబెయోకా పట్టణమున ఆసాహి కాసే వారి చిప్పుల కర్మాగారము తగులబడెను. ఇందాక మేము వండునట్టివని చెప్పిన చిప్పులకది ప్రసిద్ధిగన్నది. పలు సంస్థలు తాము చేయదలచిన పెట్టెలను ప్రక్కన పెట్టి, వేఱు చిప్పులతో మరల గీసికొనవలసివచ్చెను. ఆ సంవత్సరపు ఊహలన్నియు ఒక్క రాత్రి బూడిదయైనవి.

ఈ మాటలన్నియు వినిన పిదప పై యంతస్తున నొక చిన్న గదిలోనికి పోయితిమి. జనము పలుచగా నుండెను. యంత్రములను చూపుచున్న పెద్దమనిషి మమ్ములను చూచి, ‘అమ్మా, మీరేమి వినదలచితిరి?’ అని యింగ్లీషున నడిగెను. ఉదయమునుండి ఏ గదిలోను ఎవ్వరును మమ్మడుగని ప్రశ్న యది. అందరును తమతమ రికార్డులనే వినిపించిరి. మేము ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు చెప్పితిమి. మా తమ్ముడా పేరును ఫలకముమీద వ్రాసి చూపెను. ఆశ్చర్యమేమనగా, ఆ స్ట్రీమరున వెదకగా నాయుడుగారు దొరకిరి.

1893లో జన్మించి 1964లో దివంగతులైన యా మహావిద్వాంసుని ఫిడేలు, ఇసార్ నదీతీరమున, జర్మను జనుల నడుమ మ్రోగినది. మొదట రికార్డుమీది గరగర వినవచ్చెను. మా యింటి పాత యంత్రమున నింత గరగర మేమెన్నడును వినలేదు. పెట్టె యెంత గొప్పదైన లోపము నంత స్పష్టముగా చూపును. తెచ్చిన సరకునకు మించి వడ్డన యుండదని పైన చెప్పితిమి గదా. నాడు సూది గ్రహింపని స్వరమును నేటి యే యంత్రమును తేజాలదు, రేపటిదియు తేజాలదు. కాని ఆ గరగర వెనుకనుండి కమాను తీగను తాకిన క్షణమున మేము గరగరను మరచితిమి. గదిలో ముందువరుసలోని యొక జర్మను వృద్ధుడు చేతులు మోకాళ్లమీద పెట్టుకొని కదలక కూర్చుండెను. పాట ముగిసిన పిదప ఆయన వెనుదిరిగి, ఈయన పేరు మరల చెప్పుడని యడిగి, చిన్న పుస్తకమున వ్రాసికొనెను.

మా వారికి కన్నులు చెమ్మగిల్లినవి. అత్తగారికి వినిపింపవలెనని మరల నొకసారి పెట్టించి, ఫోను చేసి, దానిని యెత్తి పట్టుకొనిరి. మన దేశమున నప్పటికి సాయంకాలము. అత్తగారు కొంతసేపు విని, ‘మృదంగము తెలియుచున్నది నాయనా. ఫిడేలు పై స్థాయికి పోయినప్పుడెల్ల తెగిపోవుచున్నది’ అనిరి. మా వారు మరల చెప్పిరి, మరల వినిపించిరి. వారదే చెప్పిరి.

బయట నడవలోనికి వచ్చి, ‘ఫోనులో పాట సరిగా పోదు. అందుకే మంచి యంత్రము కావలెను’ అని మా వారనిరి. మా తమ్ముడు కొంచెము జంకుచు, ‘బావగారూ, ఫోనులో పాట సరిగా పోదనుట నిజమే. కాని మాటలును అత్తయ్యగారికి రెండేసి మారులు చెప్పవలసివచ్చినది. మొన్న అక్కయు నట్లే చెప్పుచుండెను’ అనెను. మేము మాటాడలేదు. ఏడాదినుండి వారు పలుకకున్నప్పుడు పరాకున నున్నారని మేమనుకొంటిమి. పిలుపు వినబడక పలుకలేదేమోయని ఒక్కనాడును తోచలేదు. వయసుతో చెవి తగ్గునప్పుడు మొదట తగ్గునవి పైస్థాయి ధ్వనులు. మృదంగపు బొంగురు నిలుచును. ఫిడేలు పైతీగ పోవును. మేము యంత్రము కొరకు నాలుగేండ్లాగితిమి. వారి చెవి మాకొరకు ఆగలేదు.

తిరుగుదారిలో రైలు కిటికీయొద్ద మా తమ్ముడు మరియొక సంగతి చెప్పెను. ఆ బవేరియా రాష్ట్రముననే ఎర్లాంగెన్ అను పట్టణము గలదు. అచ్చటి ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పాటల అంకెలను కుదించు ఎమ్పీ3 పద్ధతిని వృద్ధిచేసిన వానిలో ముఖ్యమైనది. కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ అను శాస్త్రజ్ఞుడు తన పద్ధతిని పరీక్షించుటకు సుజాన్ వేగా అను అమెరికా గాయని వాద్యములు లేక పాడిన పాటను మరల మరల వినెనట. తొలుత ఆ గొంతు వికారముగా వచ్చెను. ఒంటరి స్త్రీ గొంతు చెడకుండ వచ్చువరకు ఆ పద్ధతిని సవరించుచు పోయెను. ఆ సంస్థవారే ఎరిక్‌సన్ వారితో గూడి ఎల్‌సీ3 అను మరియొక పద్ధతిని చేసిరి. 2020లో ప్రకటింపబడిన బ్లూటూత్ ఎల్ఈ ఆడియో యందు వాడునది యిదియే. దీనివలన వినికిడి యంత్రములకు టీవీనుండియు, ఫోనునుండియు, సభామందిరమునుండియు ధ్వని తిన్నగా చేరగలదు. చెవి వెనుక నిముడు ఆ చిన్నవస్తువు ఆంప్లిఫయరే గదా! సంతలో నెంతయో వాదమునకు గురియైన ‘డి’ తరగతి వినికిడి యంత్రములలో ఏనాటినుండియో పనిచేయుచున్నది. స్ట్రీమరును ఆంప్లిఫయరును ఒకే పెట్టెలో నిమిడిపోవునన్న యూహ నిజమైన చోటు చెవివెనుకనే యని మాకప్పుడు తెలిసినది.

ఇంటికి వచ్చిన వారమునకే అత్తగారిని చెవుల వైద్యునికి చూపితిమి. పరీక్షించి, రెండు చెవులకును పైస్థాయి తగ్గినదని చెప్పిరి. వినికిడి యంత్రములు అమర్చిరి. అవి మాటలకొరకు దిద్దబడినవి. కూతను అణచు ఉపాయ మొకటి వానిలో నుండును. అది ఫిడేలు నిడుపుస్వరమునుగూడ కూతయని భ్రమించి వణికించును. ఈ సంగతి తెలియక మొదటి దినమున అత్తగారు, ‘నాయుడుగారికి చేయి వణకుచున్నదేమి?’ అని విసుగుకొనిరి. మరల పోయి అడుగగా సంగీతమునకు వేఱొక అమరిక చేసియిచ్చిరి. ఇండ్లలో పెద్దలున్న సోదరీమణులు ఈ అమరికను అడిగి చేయించుకొనవలెను. అడుగనిదే చెప్పువారు తక్కువ.

ఇక మూగవోయిన ఆంప్లిఫయరు. మా వీధి చివర రేడియోలు బాగుచేయు ముసలి మెకానిక్కు గలడు. దానినాతనియొద్దకు పంపితిమి. అతడు మూత విప్పి, కెపాసిటర్లు ఎండిపోయినవి, మఱేమియు చెడలేదని చెప్పెను. మూడవనాటికి నాలుగు కెపాసిటర్లు మార్చి తెచ్చియిచ్చెను. అయిన వ్యయము మ్యూనిక్ సంతలో ఇరువురము త్రాగిన కాఫీలకు తక్కువ. దానికొక చిన్న స్ట్రీమరును తగిలించితిమి. అది అయిదారేండ్లకు పాతబడును. పడనిండు, అప్పుడు దానినొక్కదానినే మార్చుకొందుము. నాలుగేండ్ల మౌనమునకు విరుగుడు వీధి చివరనే యుండెను. మా వారు మెకానిక్కునకు సొమ్మిచ్చుచు తలవంచుకొనిరి. మేము నేమియు ననలేదు. ఆ నాలుగేండ్లును ఆగుడని చెప్పిన మిత్రులకు కాఫీ లిచ్చినవారము మేమే.

ఆ సాయంకాలము దీపములు పెట్టిన పిదప అత్తగారు కుర్చీ జరుపుకొని కూర్చుండిరి. నాయుడుగారి ఫిడేలు మొదలైనది. మ్యూనిక్ గదిలోనంత స్పష్టముగా గరగర వినబడలేదు. ఫిడేలును అంత స్పష్టముగా లేదు. అది నిజము. గొప్ప యంత్రమునకును మా పాతదానికిని గల తారతమ్యమును మేము కాదనము. పాట పై స్థాయికి పోయినప్పుడు మేము అత్తగారి ముఖమునే చూచుచుంటిమి. వారు వ్రేలెత్తి, ‘ఇదిగో, ఈ చోటనే మా నాన్నగారు ఆహా అనెడివారు’ అనిరి.

మొన్న మా వారి మిత్రుడొకడు వచ్చి, వియన్నా సంతను గూర్చి చెప్పి, రాబోవు ఆంప్లిఫయర్ల కబుర్లు మొదలుపెట్టెను. మా వారు ఆసక్తితోనే వినిరి. రేపటి యంత్రమును గూర్చి ఊహించుట చెడ్డది గాదు. అందులోనొక వేడుక గలదు. కాని నాయుడుగారి పాట మ్రోగుచున్నందున, ‘ఇది ముగియనిమ్ము’ అని చేయి చూపి వారించిరి. మిత్రుడును కూర్చుండి వినెను.